పాల పెన్ను

ఆ పేటలో అతన్ని అందరూ మెత్తచెయ్యి డాక్టరు అనేవాళ్ళు. పళ్ళ డాక్టరుకి అంతకు మించిన బిరుదు ఏముంటుంది? నోరు తెరవమంటే వీధి తలుపు వైపు చూసే పెద్దమనుషులు కూడా అతని కుర్చీలో బుద్ధిగా కూర్చునేవాళ్ళు. సూది ఎప్పుడు దిగిందో తెలిసేది కాదు. "ఇంకా మొదలుపెట్టలేదా డాక్టరుగారూ?" అని అడిగినవాళ్ళకి ఊడిన పన్ను పళ్ళెంలో పెట్టి చూపించేవాడు. ఇరవై ఏడేళ్ళు అలా గడిచాయి. ఆరు నెలల క్రితం ఒక సోమవారం పొద్దున, ఒక ముసలాయన దవడ పన్ను మీద సన్నటి పనిముట్టు ఆనించి పుచ్చు ఎంత లోతుందో చూస్తూ ఉండగా, చేతిలో పనిముట్టు ఉన్నట్టు తెలియడం మానేసింది. చూస్తే ఉంది. చూపు పక్కకి తిప్పితే లేదు.

మెదడులో వెంట్రుకంత రక్తనాళం ఒకటి మూసుకుపోయిందన్నారు ఆసుపత్రిలో. అదృష్టవంతులు అని కూడా అన్నారు. కాలు నడుస్తుంది, మాట తడబడదు, చెయ్యి లేస్తుంది, వేళ్ళు ముడుచుకుంటాయి. పెదవి కొసన పట్టిన తిమ్మిరి రెండు వారాల్లో వదిలింది. కుడిచేతి వేళ్ళలో, మణికట్టు దాకా, స్పర్శ మాత్రం తిరిగి రాలేదు. ఇంత అదృష్టాన్ని ఏం చేసుకోవాలో అతనికి తోచలేదు.

వేళ్ళతో పాటు ఇంకేదో కూడా పోయింది. అది ఆసుపత్రి కాగితాల్లో రాయలేదు. అన్నం పెడితే తిన్నాడు. పడుకోమంటే పడుకున్నాడు. పరామర్శకి వచ్చి బావురుమన్న వదినగారి నోట్లో, పై వరసలో, సిమెంటు ఊడిన పన్ను ఒకటి కనిపించింది. ఆ రోజు గురించి అతనికి గుర్తున్నది అదొక్కటే. దిగులుగా ఉందా అని అడిగినవాళ్ళకి లేదు అని చెప్పాడు. అబద్ధం కాదు. నిజంగానే లేదు. దిగులు ఉండాల్సిన చోట కూడా వేళ్ళలాగే ఉంది.

ఇక పెన్నుల సంగతి చెప్పాలి.

ఇంట్లో బీరువాలో ఒక అర అతనిది. అందులో మఖమల్ గుడ్డ పరిచిన పెట్టెలో ఇరవై రెండు ఇంకు పెన్నులు, పక్కన ఒక పాత కళ్ళజోడు డబ్బాలో ఇరవై మూడోది. పెన్నులు పోగుచేసేవాళ్ళు రకరకాలు. కొందరు పాళీ కోసం కొంటారు, కొందరు పదిమందికి చూపించుకోవడానికి. ఇతను వేళ్ళ కోసం కొనేవాడు. రాయడానికి మూడు చాలు, మిగతావి పట్టుకోవడానికి అనేవాడు. ఎబొనైట్ పెన్ను ఒకటుంది. గట్టిపరిచిన రబ్బరు అది, చేతిలోకి రాగానే వెచ్చబడుతుంది. సెల్యులాయిడ్ పెన్ను ఉంది, దాని మెరుపు లోపలెక్కడో ఉంటుంది. ఆకాశం నుంచి రాలిన ఇనుపరాయి ముక్కని చెక్కి మూతకి తొడిగిన పెన్ను, దున్నకొమ్ము పెన్ను, లక్క మీద గుడ్డుపెంకు ముక్కల్ని ఒక్కొక్కటీ చిమటాతో అతికించి, నెలల తరబడి అరగదీసిన పెన్ను. బురదలో అయిదువేల ఏళ్ళు మునిగి నల్లబడిన చెట్టు చెక్కతో చేసిందొకటి.

"అయిదువేల ఏళ్ళు అక్కడున్నదానికి ఇంకో వందేళ్ళుంటే ఏం పోయేది? మన బీరువాలోకే రావాలా?" అంది భార్య ఆ పెన్ను వచ్చినరోజు.

కళ్ళజోడు డబ్బాలోదే పాల పెన్ను. పాలను విరిచి, ఆ ముద్దని నొక్కి, నెలల తరబడి మందునీళ్ళలో ఊరబెట్టి, ఎండబెట్టి గట్టిపరుస్తారు. వెనకటి రోజుల్లో కోటు బొత్తాలు చేసేవాళ్ళు దానితో. మీగడరంగు మీద గోధుమ చారలు. చేతిలో పట్టుకుంటే ఇంకొకరి అరచెయ్యి తగిలినట్టే ఉంటుందని డాక్టరు చెప్పేవాడు. దాన్ని మాత్రం పెట్టెలో పెట్టలేదు, డబ్బాతో సహా రోజూ వెంట తీసుకెళ్ళేవాడు. క్లినిక్‌లో మొదటి రోగి కుర్చీలో కూర్చోగానే డబ్బా టక్కుమని తెరిచి, పెన్ను తీసి జేబుకి తగిలించుకుని, అప్పుడు చేతులు కడుక్కునేవాడు. ఇరవై ఏళ్ళ అలవాటు. మందుల చీటీలన్నీ దానితోనే రాసేవాడు.

"అయితే పెరుగుతో చేసిన పెన్ను ఎప్పుడు తెస్తున్నారు?" అని భార్య అడిగేది. అతను నవ్వకుండా జవాబు చెప్పేవాడు. పాల పెన్నుకి నీళ్ళు పడవనీ, గంటలోపే పీల్చుకుని ఉబ్బుతుందనీ, మిగతా పెన్నులు మొరాయిస్తే రాత్రంతా నీళ్ళలో నానబెట్టవచ్చుగానీ దీన్ని మాత్రం తడిగుడ్డతో తుడవడానికి కూడా జంకాలనీ. ఇది ఒకసారి కాదు, వందసార్లు చెప్పాడు. ఇరవై ఏడేళ్ళ కాపురంలో ఎవరికైనా కొన్ని మాటలు వినిపించడం మానేస్తాయి. నీళ్ళలో నానబెట్టాలన్న ముక్క ఆమె చెవిన పడింది, మిగతాది గాలికి పోయింది.

చేతికి వ్యాయామాలు నేర్పడానికి వారానికోసారి వచ్చే ఫిజియోథెరపీ అమ్మాయి ఒక మార్గం చెప్పింది. కళ్ళకి గంతలు కట్టి, చేతిలో రోజుకి పది వస్తువులు పెట్టి, ఏమిటో చెప్పమనాలి. మెదడు చంటిపిల్లలా మళ్ళీ నేర్చుకుంటుంది అంది. నేర్చుకోకపోవచ్చు కూడా అని గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ మెల్లగా అంది. భార్య మొదటి మాట పట్టుకుంది, అతను రెండోది.

భార్య లైబ్రరీలో పని చేస్తుంది. పుస్తకాలకి నంబర్లు వేసి, కార్డులు రాసి, ఎక్కడివి అక్కడ సర్దే ఉద్యోగం. పట్టిక గీయందే ఏ పనీ మొదలుపెట్టని మనిషి. చెవి వెనక ఎప్పుడూ ఒక పెన్సిలు ఉంటుంది, ఆలోచన వచ్చినప్పుడు అది పంటి కిందికి వస్తుంది. పెన్సిలు కొరికితే పంటి అంచు విరుగుతుందని డాక్టరు పెళ్ళయిన వారం నుంచీ చెబుతున్నాడు. ఆ మాటా ఆమెకి వినిపించదు. ఒక నోటుపుస్తకంలో గళ్ళు గీసి, మధ్యాహ్నం లైబ్రరీ నుంచి వచ్చి కాఫీ తాగాక, సరిగ్గా నాలుగింటికి అతని కళ్ళకి తువ్వాలు చుట్టడం మొదలుపెట్టింది. చెంచా, బొత్తాం, తాళంచెవి, దువ్వెన. ఏది పెట్టినా "తెలియడం లేదు" అన్నాడు. మూడు వారాల గళ్ళు ఇంటూ గుర్తులతో నిండాయి.

"ఈ చెంచాలకీ మీకూ ఏం చుట్టరికం? మీ వేళ్ళకి తెలిసినవి వేరే ఉన్నాయిగా," అని ఒకరోజు బీరువా తెరిచింది.

మొదటి పెన్ను అతని చేతిలో పెట్టి వేళ్ళు ముడిచింది. ఎప్పటిలాగే ఏమీ లేదు. భుజానికి ఒక చెయ్యి వేలాడుతోందని తెలుస్తోంది, అంతే. ముక్కు దురద పెట్టింది. చేతిలో పెన్ను ఉందన్న సంగతి మరిచిపోయి ముక్కు గోక్కోబోయాడు. గుప్పున అగ్గిపుల్ల వాసన వచ్చింది. ఆ రబ్బరుని గట్టిపరచడానికి గంధకం కలుపుతారు, ఎన్నేళ్ళయినా వాసన వదలదు.

"ఎబొనైట్," అన్నాడు. నోరు జారిందంతే.

తువ్వాలు పైకి జరిపి చూశాడు. భార్య కళ్ళ నిండా నీళ్ళు, ముఖం మాత్రం చేటంత అయింది. అయిదు నెలల్లో ఆ ముఖం అలా చూడటం అదే మొదలు. వాసన వచ్చింది అని చెప్పాలంటే అప్పుడే చెప్పాలి. చెప్పలేదు. తర్వాత ప్రతిరోజూ చెప్పడం ఆ ముందురోజు కంటే కష్టమవుతూ వచ్చింది.

వారంలో విద్య ఒంటబట్టింది. సెల్యులాయిడ్ పెన్నులకి కర్పూరం వాసన. ఉల్క పెన్ను బరువుకి మోచెయ్యి కిందికి లాగుతుంది. వెండి పెన్ను మూత ఇంకో రకంగా మోగుతుంది. గుడ్డుపెంకు పెన్నుని భార్య రెండు చేతులతో పట్టుకుని తెస్తుంది, అడుగులే నెమ్మదిస్తాయి. పాల పెన్నయితే మరీ సులువు, కళ్ళజోడు డబ్బా టక్కుమంటుంది. అతను కాసేపు ఆగి, కనుబొమలు ముడిచి, వెతుకుతున్నట్టు నటించి చెప్పేవాడు. అనుమానం రాకుండా రోజుకి ఒకటో రెండో తప్పు చెప్పేవాడు. ఎడమచేత్తో పట్టుకుంటే అన్నీ తెలుస్తాయి. అందుకే ఎడమచేత్తో వాటిని ముట్టుకోలేదు. గంతలు లేనప్పుడు ఆ అర వైపు వెళ్ళనే లేదు.

ఇది మోసం అని అతనికి తెలుసు. తెలియడం వేరు, అనిపించడం వేరు. అనిపించడం కుడిచేతి వేళ్ళతోపాటే పోయింది.

క్లినిక్ మూతపడలేదు. అతని అక్క కూతురు, తనూ పళ్ళ డాక్టరే, ఆరు నెలలుగా నడుపుతోంది. చురుకైన పిల్ల, చెయ్యి కూడా మంచిదే, కాకపోతే రోగులు "ఆయనెప్పుడొస్తారు?" అని అడిగి ఆమె ఉసూరుమనేలా చేస్తారు. ఒక ఆదివారం పొద్దున వచ్చి కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"మావయ్యా, నాకు పెద్దాసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. ఈ నెలాఖరుకి జవాబివ్వాలి. నువ్వు క్లినిక్‌కి వచ్చేటట్టయితే నేను వెళ్తాను. రాలేనంటే ఉండిపోతాను, నాకేం ఇబ్బంది లేదు. మొహమాటపడకుండా చెప్పు."

భార్య నోటుపుస్తకం తెచ్చి ఆమె ముందు పెట్టింది. "చూడవే, నిన్న పదికి తొమ్మిది. మొన్న ఎనిమిది. పోయిన నెల ఈ పాటికి అన్నీ గుండుసున్నాలే."

మేనకోడలు పేజీలు తిప్పింది. చదివిన పిల్ల కదా, ఒక్క క్షణం ఆగింది. "నిజంగా తెలుస్తోందా మావయ్యా?"

మొద్దుబారిన చెయ్యి నోట్లోకి వెళ్తే ఏమవుతుందో అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. వేరులో సన్నటి పనిముట్టు విరిగిపోతుంది. తిరిగే చక్రం జారితే నాలుక తెగుతుంది. ఇవన్నీ అతనికి వరసగా కనిపించాయి, వేరే ఊరి వార్తల్లాగా. భయం వేయాలి. వేయలేదు. భార్య చెవి వెనక పెన్సిలు తీసి, కొరకబోయి, అతను చూస్తున్నాడని గుర్తొచ్చి మానేసింది.

"తెలుస్తోంది," అన్నాడు.

"ఇంకేం మరి! వచ్చే సోమవారం కాక ఆ పై సోమవారం. ఆ వారమంతా నేనూ పక్కనుంటాను, ఆ తర్వాతే జవాబు పంపిస్తాలే," అంది మేనకోడలు లేస్తూ.

"మొదటి పేషెంటుని నేనే. ముందే చెబుతున్నా," అంది భార్య.

ఆమెకి ఎడమవైపు కింది దవడ పన్ను సలుపుతోంది. ఆమె చెప్పలేదు, అతను కనిపెట్టాడు. నెలరోజులుగా కుడివైపే నములుతోంది, చల్లనీళ్ళు తాగేటప్పుడు తల ఒక పక్కకి వంచుతోంది. మేనకోడలికి చూపించుకోమంటే వినలేదు. ఇరవై ఏడేళ్ళుగా తన నోట్లో ఇంకొకరి చెయ్యి పడలేదనీ, ఇప్పుడు పడనివ్వననీ అంది. బాధంతా పంటి బిగువున భరిస్తూ మొగుడి చెయ్యి బాగుపడే రోజు కోసం కాచుకుని కూర్చుంది.

ఆ తర్వాత శనివారం ఇంట్లో ఏదో పులిసిన వాసన వచ్చింది.

"పాలు విరిగాయా?" అని అడిగాడు.

వంటింట్లో దేనిమీదో గబుక్కున మూత పెట్టిన చప్పుడైంది. "ఆఁ. విరిగిపోయాయి," అంది.

ఆ మధ్యాహ్నం గంతలు కాస్త బిగువుగా కట్టింది. అయిదు పెన్నులు అయ్యాక కళ్ళజోడు డబ్బా టక్కుమంది. ఆమె ఏదో చెప్పబోయి గొంతు సవరించుకున్నట్టనిపించింది. చివరికి అతని అరచేతిలో పెట్టి వేళ్ళు ముడిచింది. అతను మామూలు కంటే ఎక్కువసేపు ఆలోచిస్తున్నట్టు కూర్చుని, ఎందుకో కాస్త కలిపి చెప్పాలనిపించి చెప్పాడు.

"పాల పెన్ను. ఎంత నున్నగా ఉందో!"

టిక్కు పెట్టే చప్పుడు వెంటనే వినిపిస్తుంది ఎప్పుడూ. ఆ రోజు వినిపించలేదు. అతని చేతిలోది మెల్లగా తీసుకున్నాకే కాగితం మీద గీత పడింది. మిగతావి త్వరత్వరగా కానిచ్చేసి, పనుందంటూ లేచి వెళ్ళిపోయింది. అతను అది గమనించాడు. గమనించి ఊరుకున్నాడు. ఈ మధ్య అతను అన్నీ అలాగే గమనిస్తున్నాడు.

ఇంకో వారం గడిచి, అనుకున్న సోమవారం రానే వచ్చింది. భార్య లైబ్రరీకి సెలవు పెట్టింది. చొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చింది, సంచి సర్ది ఇచ్చింది.

"పెన్ను డబ్బా సంచిలో పెట్టాను," అంది చెప్పులు వేసుకుంటూ, అతని వైపు చూడకుండా.

దారిలో మందుల షాపాయన బయటికి వచ్చి మరీ పలకరించాడు. ఇస్త్రీ బండి మనిషి, తన మూడో దవడ పన్ను ఆయన కోసమే ఆపుకున్నానని నోరు తెరిచి చూపించాడు. డాక్టరు తల ఊపుతూ నడిచాడు. క్లినిక్‌లో అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. గోడమీద పళ్ళు తోముకునే పద్ధతి బొమ్మ, కిటికీ పక్కన బరువు చూసుకునే మిషను, లవంగనూనె వాసన. మేనకోడలు వెనకగదిలో పనిముట్లు మరిగించే మిషను దగ్గర ఉంది. బయట బల్లమీద అప్పటికే నలుగురు కూర్చున్నారు. అందులో ఒకావిడ ఎనిమిదేళ్ళ మనవరాలిని వెంటబెట్టుకొచ్చింది. భయపడకే, ఈయన చెయ్యి పడినట్టే తెలియదు అని పిల్లకి చెబుతోంది.

భార్య చెప్పినట్టే మొదట కుర్చీ ఎక్కింది. ఛాతీమీద కాగితపు గుడ్డ తనే తగిలించుకుంది. పైన దీపం వెలిగించగానే నోరు తెరిచి కప్పు వైపు చూస్తూ పడుకుంది. చేతులు రెండూ కుర్చీ పక్కల్ని గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

డాక్టరు సంచిలోంచి కళ్ళజోడు డబ్బా తీశాడు. మూత టక్కుమంది. అలవాటు ప్రకారం చెయ్యి జేబు వరకూ వెళ్ళబోయి ఆగింది.

డబ్బాలో పెన్సిలుంది. సగం అరిగిన పసుపు పెన్సిలు, ఆరు పలకలది. వెనక రబ్బరు ఊడిపోయి, దాన్ని పట్టుకునే రేకు నలిగిపోయింది. ఆ రేకు కింద చెక్క అంతా పంటిగాట్లు. అందులో ఒక గాటు ఏటవాలుగా ఉంది. పై వరసలో ముందుపన్ను కొంచెం మెలితిరిగి ఉంటే పడే గాటు అది. ఆ పన్ను ఈ ఊళ్ళో ఎవరిదో అతన్ని అడగక్కర్లేదు. ఇప్పుడే తెరిచి పెట్టిన నోట్లో కనిపిస్తోంది.

కళ్ళు మూసుకుని పెన్సిలు కుడిచేత్తో పట్టుకున్నాడు. పలకలు లేవు. గాట్లు లేవు. పెన్సిలే లేదు. కళ్ళు తెరిచాడు.

"ఎప్పటినుంచి?" అన్నాడు.

భార్య నోరు మూసుకుంది. కప్పు వైపే చూస్తోంది. "తొమ్మిది రోజులు."

"పెన్నేమైంది?"

"మీరు మళ్ళీ ఇక్కడికొస్తే అది జేబులో ఉండాలి కదా. ఇంకు ఎండిపోయి ఉంది, రాత్రి నీళ్ళలో వేసి పెట్టాను. పొద్దున చూస్తే..." ఆగింది. "మీతో చెప్పేద్దామనే ఆ రోజు చేతికందిన పెన్సిలు పెట్టాను. పెట్టగానే ఇదేమిటే అంటారు, అప్పుడు అంతా చెప్పి తిట్లు తినేద్దామనుకున్నాను."

ఎంత నున్నగా ఉందో అని తను అన్న మాట అతనికి గుర్తొచ్చింది. ఆమె దాన్ని మళ్ళీ అనలేదు. అంటే బాగుండేది.

"మరి టిక్కు ఎందుకు పెట్టావు?"

"ఏం పెట్టమంటారు? ఇంటూనా? రోజూ పెన్సిలే పెట్టాను. ఒక్కరోజైనా కాదంటారేమోనని. రోజూ పాల పెన్నే అన్నారు."

"అన్నీ తెలిసి ఈ కుర్చీ ఎందుకు ఎక్కావు?"

ఆమె మొదటిసారి అతని వైపు తిరిగింది. "బయట ఆ పిల్ల కూర్చుంది చూశారా? దాని నోట్లో పెట్టేకంటే ముందు నా నోట్లో పెడతారని. నా నోట్లో పెట్టేటప్పుడైనా ఆగుతారేమోనని."

చేతిసంచి ఆమె ఒళ్ళోనే ఉంది. అందులోంచి రుమాలు మూట తీసి ఇచ్చింది. డాక్టరు ఎడమచేత్తో విప్పి ఎడమచేత్తోనే పట్టుకున్నాడు. ఆరు నెలల తర్వాత ఒక పెన్నుని ముట్టుకోవడం అదే. ఉబ్బి, వంగి, మెరుపంతా పోయి, గరుకుగా ఉంది. చారల వెంబడి పగుళ్ళు గోటికి తగిలాయి. మూత ఇక పట్టదు. కోపం రాలేదు. ఏడుపు వస్తుందేమోనని చూశాడు, అదీ రాలేదు. రావాలి అని మాత్రం అనిపించింది. ఎన్నాళ్ళకో ఏదో ఒకటి అనిపించింది.

"అమ్మాయ్!" అని కేకేశాడు.

మేనకోడలు చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"మీ అత్తయ్య పన్ను నువ్వు చూడు. బయటవాళ్ళనీ నువ్వే చూడు. ఆ ఉద్యోగానికి వెళ్ళకు తల్లీ, ఉండిపో."

"అదేంటి మావయ్యా? ఏమైంది?"

"నాకేం తెలియడం లేదమ్మా. ఒక్కరోజు కూడా తెలియలేదు. వాసన చూసి, చప్పుళ్ళు విని చెప్పాను." ఇదంతా బస్సు వేళలు చెప్పినంత మామూలుగా చెప్పాడు. ఇంకోలా చెప్పడం అతనికి చేతకాలేదు.

మేనకోడలు అత్తయ్య వైపు చూసింది. అత్తయ్య తల ఊపింది. ఆ పిల్ల గ్లవ్స్ తొడుక్కుని, మావయ్య కూర్చునే స్టూలు తన వైపుకి లాక్కుంది. డాక్టరు అవతలి పక్కకి వెళ్ళి, రోగి వెంట వచ్చినవాళ్ళు నిలబడే చోట నిలబడ్డాడు. ఇరవై ఏడేళ్ళలో అక్కడినుంచి ఆ కుర్చీని చూడలేదు.

మత్తుసూది చూడగానే భార్య చెయ్యి చాపి దొరికిన చెయ్యి పట్టుకుంది. అది అతని కుడిచెయ్యి. సూది దిగింది. మేనకోడలికి ఇంకా అతనంత మెత్తదనం రాలేదు. భార్య వేళ్ళ కణుపులు తెల్లబడటం, ఆమె గోళ్ళు తన చర్మంలోకి దిగడం అతను చూశాడు. చూసినంత మాత్రమే. వదిలాక నాలుగు గాట్లు వరసగా ఎర్రబడ్డాయి.

"ఒక పది నిమిషాలు ఆగాలి అత్తయ్యా, పూర్తిగా మొద్దుబారాక మొదలుపెడతాను," అని మేనకోడలు బయటవాళ్ళకి సర్దిచెప్పడానికి వెళ్ళింది.

ఇద్దరూ మిగిలారు. దీపం ఆర్పేశాడు. ఆమె నీళ్ళు పుక్కిలించి ఉమ్మింది. ఉమ్మితే సగం పక్కకి పోయాయి.

"మూతి ఎక్కడికో పోయింది," అంది వంకర మాటతో. వేలితో పెదవి తట్టి చూసుకుంది. "ఉందా?"

"ఉంది."

"ముట్టుకుంటే ఇంకెవరిదో ముట్టుకున్నట్టుంది. ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది." ఇంకోసారి తట్టుకుంది. తడుతూ తడుతూ ఆగిపోయింది. "మీకూ ఇలాగేనా?"

ఆరు నెలల్లో అతన్ని చాలామంది చాలా అడిగారు. తగ్గిందా, తెలుస్తోందా, ఎప్పుడొస్తారు. ఎలా ఉంటుందని ఎవరూ అడగలేదు.

"ఇలాగే."

"ఎప్పుడూనా?"

"ఎప్పుడూ."

"నిద్రలేచినప్పుడు కూడా?"

"ఊఁ."

పెదవి కొస నుంచి నీటిబొట్టు జారి గడ్డం మీదికి వచ్చింది. ఆమెకి తెలియలేదు. అతను ఎడమచేత్తో తుడిచాడు. వెచ్చగా తగిలింది. ఆమె అతని కుడిచెయ్యి మళ్ళీ తీసుకుని, ఎర్రబడిన గాట్లని ఒక్కొక్కటీ బొటనవేలితో రాసింది. అతను దాన్ని చూస్తూ నిలబడ్డాడు.

"ఇది ఎంతసేపుంటుంది?" అంది.

ఆ కుర్చీలో కూర్చున్న ప్రతివాళ్ళూ అడిగేదే. ఇరవై ఏడేళ్ళలో ఎన్ని వేలసార్లు జవాబు చెప్పాడో లెక్కలేదు.

"నీది రెండు గంటల్లో పోతుంది," అన్నాడు.